తగ్గాక వచ్చిన పేరు

అక్కకు,

నేను బాగానే ఉన్నాను. మా ఆసుపత్రి ఓపీలో దగ్గుతో వచ్చే పిల్లల ముక్కుల్లో దూదిపుల్ల పెట్టి నమూనా తీయడం నా పని. ఫలితం వారానికి గానీ రాదు. నిన్న ఒకావిడకు కాగితం ఇచ్చి, "కరోనాయే, కానీ మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టింది కాదమ్మా. ఎప్పట్నుంచో ఉన్న జలుబు రకం" అన్నాను. ఆవిడ బరువు మిషనెక్కి గెంతుతున్న కొడుకును చూపించి, "ఎప్పుడో తగ్గిన జలుబుకి ఇప్పుడు పేరెందుకండీ?" అంది. నేను రిజిస్టరులో తల దూర్చాను.

నా నల్ల స్వెట్టరు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించావా? బావకు నమస్కారాలు.

నీ దగ్గరున్న నా చంటిదానికి దగ్గని నువ్వు రాసిన కార్డు ఎనిమిది రోజులకు చేరింది. ఈపాటికి తగ్గే ఉంటుంది. ఇక్కడ అందరికీ నేను చెప్పేదీ అదే. అయినా తగ్గిందని ఒక్క ముక్క రాయి, ఎంత ఆలస్యంగా అందినా సరే.

నీ చెల్లి