మీ అమ్మ చేతిలో నా గాలం

కొండపాక

బిడ్డా వందనా,

నడుము తప్ప అంతా బాగానే ఉంది. ఫోన్‌లో చెప్తే మీ అమ్మ వింటుంది, అందుకే ఈ కార్డు. ఎరకు వానపాములు తవ్వుతుంటే నడుము పట్టేసింది. నెల దాకా చెరువు వైపు పోవద్దన్నాడు సిద్దిపేట డాక్టరు. "ఆ చెరువునే పెండ్లి చేసుకోకపోయినవా" అని ఇన్నేళ్ళూ నన్ను తిట్టిన మీ అమ్మ, గాలం ఊరికే పడి ఉందని తనే పట్టుకుపోయింది. మొదటి రోజే మోచేతి పొడుగు కొర్రమట్ట! నాకు ఎప్పుడూ చిన్న పరక చేపలే కదా పడేవి. కడుపు మండిపోయింది.

బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే పోయిన పని కాదంటారు. అందుకే రోజూ ఆమె గడప దాటుతుంటే మంచంలోంచే "యాడికి పోతున్నవ్?" అని అడిగాను. అయినా సంచి నింపుకొనే వచ్చేది. ఈ రోజు నాకే సిగ్గేసి ఊరుకున్నాను. ఆమె గడపలో ఆగింది.

"ఏంది, ఇయ్యాల అడుగవా? నువ్వు అడిగినంకనే మంచిగ పడ్తున్నయి. అడుగు, పోత."

అడిగాను. ఏం చెయ్యను?

పోయినసారి పంపిన నొప్పుల నూనె ఇంకో సీసా పంపు. అల్లుడి బండి బాగైందా? పిల్లల జ్వరం తగ్గిందా? నా నడుము కుదిరేదాకా మీ అమ్మను నీ దగ్గరికి పిలిపించుకో. గాలం మాత్రం ఇక్కడే పెట్టి రమ్మను. మీ ఊళ్ళోనూ చెరువుంది.

అందరూ చల్లగా ఉండాలి.

మీ బాపు
రాజమల్లయ్య