మరియమ్మ చెవి పరీక్ష

1వ తేదీ, సోమవారం

ఉదయం 7.20. మా వెనక వీధిలో అందరికీ పింఛను అందింది. మరియమ్మకు అందలేదు. సచివాలయం ఉద్యోగిని ఆమె చేతిలో నోటీసు పెట్టి వెళ్లింది: పునఃపరిశీలన క్యాంపులో చూసిన ప్రకారం వినికిడి లోపం నలభై శాతం కంటే తక్కువ, అనర్హురాలు. పదేళ్ల వయసులో జ్వరమొచ్చి చెవులు పోయిన మనిషి. ఇప్పుడు షెడ్డులో రొయ్యలు ఒలిచే పని. సీజను లేనప్పుడు పింఛనే ఆధారం.

2, మంగళవారం

ఆమె అరుగు మీద అరగంట. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. క్యాంపులో డాక్టరు ఏం అడిగారు? "పేరు, ఊరు, పని అడిగారండి. ఇంకేదో అన్నారు. ఔనన్నట్టు ఆయ్ అన్నాను."

ఇంటికొచ్చాక అనుమానం. ఇంత చక్కగా మాట్లాడే మనిషికి చెవుడేంటి? డాక్టరు రాసిందే నిజమేమో... వార్త పంపలేదు.

3, బుధవారం

పత్రిక డెస్క్ నుంచి ఫోన్. "చెవిటావిడ స్టోరీ ఏమైందండి?" ఇంకా తేలలేదన్నాను.

5, శుక్రవారం

ఉండి ఊరికెళ్లే రోడ్డు, రొయ్యల షెడ్డు. లోపల అందరికీ టోపీ, మాస్కు. నాకూ ఇచ్చారు. మరియమ్మ ఎదురుగా నిలబడి పలకరించాను. జవాబు లేదు. గట్టిగా పిలిచాను. తలెత్తి నన్ను చూసి, మళ్లీ రొయ్య పట్టుకుంది. మాస్కు కిందికి లాగి అదే మాట అన్నాను.

"ఆయ్, మీరాండి!"

పక్క బల్ల దగ్గర తోటి కూలీ దుర్గ నవ్వుతోంది. "మా వదిన్ని తిట్టాలంటే ఎదురుగా నిలబడి, మూతి చూపించి తిట్టాలండి. వెనకనుంచి తిడితే మన నోరే నొప్పి."

మరి ఇక్కడ ఎలా పిలుస్తారు? "బల్ల మీద కొడతాం. రెండు దెబ్బలు కొడితే టీ."

మంగళవారం నా ప్రశ్నలు ఆమె వినలేదు. చూసింది. ఇన్నేళ్లుగా మనుషుల్ని అడగడమే నా పని. నాకు తట్టలేదు.

పెదాలు అందకపోతే ఏం చేస్తావమ్మా? "అప్పుడూ ఆయ్ అంటానండి. పెద్దోళ్లు అడిగితే ఊరకుంటే ఏం బాగుంటది?"

6, శనివారం

నోటీసు మళ్లీ చదివాను. వెనక పేజీ, చివరి పేరా: వినికిడి శాతం మిషన్ పరీక్ష చార్టును బట్టి నిర్ణయించాలి. చార్టు జతచేసి లేదు.

క్యాంపులో పనిచేసిన ఒకాయన, పేరు రాయొద్దని మాట తీసుకుని: "మిషన్ రాలేదండి ఆ రోజు. ఉక్కపోతకి డాక్టరు గారు మాస్కు తీసేసి, మాట్లాడించి చూసి రాసేశారు."

రెండు ముక్కలూ అతికాయి. వార్త రాశాను. విశేషణం ఒక్కటీ పడలేదు.

7, ఆదివారం

వచ్చింది. జిల్లా పేజీ, పైన.

8, సోమవారం

మరియమ్మ అప్పీలు ఇచ్చింది. దుర్గ సాక్షి సంతకం. రసీదు అడిగి మరీ తీసుకున్నారు.

11, గురువారం

ఆసుపత్రి. ఈసారి వేరే డాక్టరు, పెద్దాయన. మాస్కు దించలేదు. "ఇటు రామ్మా." కదల్లేదు. "కూర్చో." లేదు. "కాఫీ తాగుతావా?"

దుర్గ: "కాఫీకే పలకలేదంటే ఇంక మిషన్ ఎందుకండీ."

ఆయనా నవ్వారు. అయినా మిషన్ పెట్టారు. పెట్టాలి కూడా. చప్పుడు వినపడితే బటన్ నొక్కమని దుర్గ సైగ చేసి చూపించింది. అద్దాల గదిలో మరియమ్మ, బటన్ మీద బొటనవేలు. చాలాసేపు ఆ వేలు కదల్లేదు. బయట దుర్గ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. నేనూ.

11.40. అర్హురాలు. పింఛను పునరుద్ధరించాలి. సంతకం పెట్టాక డాక్టరు మాస్కు దించారు. "పొరపాటు మావాళ్లదేనమ్మా."

"ఆయ్," అంది. ఈసారి మాట అందింది.

గెలిచాం అని రాసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాను. గెలిచాం.

12, శుక్రవారం

జిల్లా కార్యాలయం ఇచ్చిన ఉత్తర్వు కాపీ దొరికింది. మిషన్ లేకుండా చూసి ఇచ్చిన వినికిడి నోటీసులన్నీ నిలుపుదల. అందరికీ మళ్లీ పరీక్ష. ఇంత వస్తుందనుకోలేదు.

షెడ్డులో కబురు తెలియగానే అందరూ బల్లలు వాయించారట. ఆ అదురుకి మరియమ్మ, టీ అనుకుని, గ్లవ్స్ తీసేసి లేచిందట. ఫోన్లో దుర్గ చెప్పలేక చెప్పింది, నవ్వు ఆగక.

13, శనివారం

మళ్లీ పరీక్షకు పిలిచిన జాబితాలో కొందరు ఇక రామంటున్నారు. ఒకసారి తిరిగాం చాలండి, అని ఒకాయన తలుపేసుకున్నాడు. ఆయన వస్తాడో లేదో తెలియదు.

మరియమ్మ పింఛను వచ్చే ఒకటిన ఇంటికి రావాలి. ఉదయం ఏడుకి ఆ వీధిలో ఉండాలి నేను.

అంతకుముందు, 18, గురువారం, ఉదయం 9.30, ఆసుపత్రిలో అదే గది. మొదటి విడత పరీక్ష. మరియమ్మ షెడ్డుకి సెలవు చెప్పి వస్తుందట. లోపలికి వెళ్లే ప్రతివాళ్ల ఎదురుగా నిలబడి, మూతి చూపించి, ఒక్కమాట చెప్తుందట: "వినపడితేనే ఆయ్ అనండి."