ప్రార్థన విన్న ల్యాప్‌టాప్

నాంపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన చెల్లె కరుణకు,

ముందు ఒక మాట సరిచేయాలి. నేను ప్రిసిల్లా వాళ్ల మేనేజరుతో పోట్లాడానని నువ్వు ఫోనులో అన్నావు. అదే మాట చర్చిలో ఇంకెవరితోనైనా అని ఉంటే వెనక్కి తీసుకో. అతనితో నేను ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను మాట్లాడింది దేవునితో. మేనేజరు మధ్యలో విన్నాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిదిగారు దగ్గు మందు తాగుతున్నారా, లేక సీసాను కిటికీలో పెట్టి చూస్తున్నారా? నేను బాగానే ఉన్నాను, నా గురించి ఫికరు పెట్టుకోకు. ఇక్కడ వారం నుంచి వానలు, ఉతికిన బట్ట ఆరదు. వాన తెరిపి ఇచ్చినప్పుడు మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి సీతాఫలాలు తెచ్చుకుంటున్నాను. మన పెరటివంత తీపి కాదు గాని తినొచ్చు.

ఇక అసలు సంగతి. ప్రిసిల్లా తల్లికి బడి ఉంది, నాకు పెన్షను ఉంది, కాబట్టి మనవరాలికి తోడుగా నన్ను పంపారు. పిల్ల పని ఇంట్లోనే. సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి, పరదేశంలో ఎవరి కాలో విరిగితే వాళ్ల ఇన్సూరెన్సు కాగితాలు తెల్లవారేదాకా సరిచూస్తుంది. ల్యాప్‌టాప్ ఆఫీసు వాళ్లది. అందులో ఒక కాపలా ప్రోగ్రాం పెట్టారు. పిల్ల కుర్చీలో ఉందా లేదా అని అది మధ్య మధ్య ఫోటో తీస్తుంది. బాత్రూంకు పోయినా ఎందుకు లేచావని అడుగుతుంది. నా ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. పరీక్ష హాల్లో కూడా ఏ పిల్లనూ అంతగా చూసి ఎరగను.

మన ఇంట్లో దీపాలు పెట్టేవేళ ప్రార్థన తప్పదు కదా. నాన్న పద్ధతి నీకు తెలుసు: ఎవరి బాధ వాళ్ల పేరుతో గొంతెత్తి చెప్పాలి, మనసులో గొణిగితే ఒప్పుకునేవారు కాదు. ఇక్కడ ఉన్నది ఒకటే గది, ఒకటే బల్ల. పిల్ల అప్పటికే లాగిన్ అయి ఉంది, పని మొదలు కావడానికి ఇంకా కొంచెం టైముంది. నేను ల్యాప్‌టాప్ పక్కన బైబిలు పెట్టి, తల వంచి, "ప్రభువా, ఈ పిల్లకు థైరాయిడ్ నయం చెయ్యి, ఈ రాత్రి పని నుంచి విడిపించు, బేగంపేటలో ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చిన పగటి ఉద్యోగం ఇప్పించు, ఆ మేనేజరు మనసు కరిగించు" అని వరసగా మనవి చేసుకున్నాను. మేనేజరు పేరు కూడా చెప్పాను, దేవునికి తికమక ఉండకూడదని.

రెండు రోజులకు మేనేజరు వీడియోలో పిలిచాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"ఏంది ప్రిసిల్లా, ఇంటర్వ్యూలకు పోతున్నవంట గదా? తబియత్ గూడ బాగలేదంట. జర రెస్ట్ తీస్కో మరి" అన్నాడు, గొంతుకు తేనె పూసుకుని.

"మీకెవరు చెప్పిన్రు సార్?"

"సిస్టంల వచ్చింది."

ఈ నెలాఖరుకు పర్మనెంట్ చేస్తామన్న మాట ఆ పూటే "చూద్దాం" అయింది. బేగంపేట వాళ్ల దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. రెండూ పోతే పిల్ల గది ఖాళీ చేసి మెదక్ రావలసిందే. పట్నంలో తన కాళ్ల మీద నిలబడతానని తల్లితో ఎంత వాదించి వచ్చిందో నువ్వే చూశావు. ఇప్పుడు దాన్ని పడగొట్టింది అమ్మమ్మ ప్రార్థన.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "చేరినప్పుడు అన్నిటికి ఔ అని నొక్కిన అమ్మమ్మా, ఏదీ చదవలే. మైకు గూడ ఇంటదని నాకెర్కలేదు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

మర్నాడు నేనే అబిడ్స్ పోయి, ల్యాప్‌టాప్ మా మాటలు వినకుండా చేయగలరా అని ఒక రిపేరు దుకాణంలో అడిగాను.

"ఆఫీసుదా? నేను ముట్టనమ్మా. ఇప్పుతే ఆల్లకు తెలుస్తది. కెమెరా మీద అంటించే స్టిక్కరుంది, తీస్కపో."

"కెమెరా మూస్తే కుర్చీల మనిషి లేదంటదట. చెవులకు లేదా?"

"చెవులకు ఇంక రాలే."

"వస్తే చెప్పు నాయనా. నా నోటికి గూడ ఒకటి కావాలె."

ఇప్పుడు మా గదిలో ఇద్దరం సైగలతో బతుకుతున్నాం. నిన్న దగ్గు వస్తే బాత్రూంలోకి పోయి దగ్గాను. ఫోను మీదా నాకు నమ్మకం పోయింది. నీ మోకాళ్ల గురించి మనం మాట్లాడుకున్న మర్నాటి నుంచి నాకు నొప్పుల తైలాల ప్రకటనలు వస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

నిన్న సాయంత్రం పిల్ల ల్యాప్‌టాప్ తెరవకముందే నా చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకుపోయింది. "గీడ చెప్పు అమ్మమ్మా. పేర్లతోని చెప్పు" అంది. కింద ఆటోల హారన్లు, స్టేషన్లో రైలు కూత. నోరు తెరవబోయి ముందు చుట్టూ చూశాను కరుణా, ఎవరైనా వింటున్నారేమోనని. ఇంత వయసొచ్చాక, ప్రార్థనకు ముందు చుట్టూ చూడడం అదే మొదలు. పిల్ల అది గమనించింది. నా బదులు తానే మొదలుపెట్టింది. నా పేరు చెప్పింది.

వచ్చే ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడిగినప్పుడు ప్రిసిల్లా పేరు ఎత్తకు. మన ఆరాధన కూడా ఇప్పుడు ఫోన్లలో ఊరంతా చూస్తున్నారు. "ఒక బిడ్డ ఉద్యోగం" అను, చాలు. అయ్యగారికి, వదినకు నా వందనాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. ఇంట్లో మాత్రం మీరిద్దరూ మా పేర్లు పెట్టి గట్టిగా ప్రార్థించండి, మేము ఇక్కడ మెల్లగా చేసుకుంటున్నాం.

నీ అక్క,
సుగుణ

తా.క. అక్కడ నా పెట్టెలో అడుగున నీలం దుప్పటి ముక్క ఉంది. రెండు పొరలు వేసి, నా పెద్ద బైబిలు సంచి కంటే జానెడు వెడల్పుగా ఒక సంచి కుట్టి, పట్నం వచ్చే వాళ్లెవరి చేతికైనా ఇచ్చి పంపు. దుప్పటి చప్పుడును ఆపదని ప్రిసిల్లా ఇప్పటికే చెప్పింది, మళ్లీ నువ్వు చెప్పకు. ప్రార్థన వేళకు పిల్ల ల్యాప్‌టాప్‌ను ఆర్పేస్తుంది, సంచిలో పెట్టి మూసేది నేను. బొత్తాలు వద్దు, నాడాలు పెట్టు. పొడుగ్గా పెట్టు, రెండు ముళ్లు వేస్తాను.