వేలి వేడికి కదిలే ముల్లు

బెంగుళూరు

అప్పకి,

చెల్లెలు నూకరత్నం దండాలు. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోవద్దు. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బావ సముద్రం మీద వేటకి వెళ్తున్నాడా, ఈ గాలులకి ఒడ్డునే ఉంటున్నాడా?

ఇక్కడ వాన సన్నదే గాని ఒక పట్టాన వదలదు. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు. చేప మాటెత్తితే వంటావిడ ముక్కు మూసుకుంటుంది, ఎండు నెత్తళ్లు పంపకు. అయినా రెండు పూటలా తింటున్నాను.

నా పనేమిటని అమ్మ అడిగిందని రాశావు. లెక్కలు చేసే యంత్రం ఒకటుంది, కంప్యూటర్ అంటారు. మునుపు దాన్ని రేడియోలో వెలిగే గాజు బల్బుల్లాంటివాటితో చేసేవారట. గదంతా ఆక్రమించేదట, బల్బులు ఊరికే మాడిపోయేవట. వాటి బదులు ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఒక్కోటి చింతగింజంత ఉంటుంది, మూడు కాళ్లు, లోపల జెర్మేనియం అనే చిన్న ముక్క. మంచివేవో కానివేవో మీటరు మీద చూసి వేరు చేస్తాను.

చేరిన కొత్తలో ఒక ట్రే అంతా పాడైనవేనని పక్కన పెట్టేశాను. జెర్మేనియానికి వేడి పడదు. వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, మంచిదానికీ మీటరు ముల్లు పాడైనదానికిలా పైకి పోతుంది. మనకేమో తాజాదో కాదో చేపని మొప్ప దగ్గర నొక్కి చూడందే చెయ్యి ఊరుకోదు కదా! సూపర్‌వైజరు కన్నడంలో కేకలేశాడు. పక్క బల్ల మీద పనిచేసే మన రాజాం వైపు అమ్మాయి పైడమ్మ నవ్వాపుకోలేక, "ఒసే, సేపనుకున్నావేటే? పట్టకారుతో పట్టుకుని సల్లారనీ, అప్పుడు సూడు" అంది. ఈ ఊళ్లో నాతో మన మాట మాట్లాడిన మనిషి అదొక్కతే.

ఇప్పుడు సిలికాన్‌తో చేసినవి వచ్చాయి. అవి వేడికి అంత తొందరగా బెదరవు. ఇక యంత్రాలన్నీ వాటితోనేనట. జెర్మేనియం పని ఎత్తేసి, మా ఇద్దరిలో ఒకరినే ఉంచుతామన్నారు. నన్ను ఉంచారు.

పెద్దమ్మకి, బావకి నా దండాలు. అమ్మని దీవించమను.

అమ్మకి ఇక్కడిదాకానే చదివి వినిపించు, అప్పా. నన్ను ఉంచారంటే సంతోషిస్తుంది. మిగతాది నీకు.

పైడమ్మ శనివారం బండెక్కేసింది. అప్పట్నుంచి నాతో తెలుగులో మాట్లాడినవాళ్లు లేరు. నిన్న మీటరు ముందు నాలో నేనే తెలుగులో ఏదో గొణుక్కుంటుంటే అందరూ తిరిగి చూశారు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఉండాలో వచ్చేయాలో నువ్వే చెప్పు.

పైడమ్మ మన కళింగపట్నం వచ్చి మిమ్మల్ని చూస్తానంది. వస్తే అన్నం పెట్టి కూర్చోబెట్టు. "మీ ఓళ్లకేటి సెప్పమంటావే?" అని బండి దగ్గర అడిగింది. బాగున్నానని చెప్పమన్నాను. అది అలాగే చెబుతుంది. నువ్వు మాత్రం నమ్మకు.

నీ
నూకాలు