మోతి నాకిన కుల్ఫీ

సిద్దిపేట, 6 మే 1946

బామ్మర్ది రామేశ్వర్‌కు,

ఈసారి ఆశీర్వాదం లేదు. నిన్న నువ్వు సికింద్రాబాద్ నుంచి బస్సులో మోసుకొచ్చిన కుల్ఫీ కుండ నా కొంప ముంచింది. మనం తిని పారేసిన దొప్పలను నా కుక్క మోతి, మీ అక్క పిల్లి రెండూ నాకాయి. సాయంత్రం నుంచి మోతి కక్కుతోంది, తూలుతోంది, ఎంత తాగినా దాహం తీరడం లేదు. తొమ్మిదేళ్లుగా నా దుకాణం గడప దగ్గర పడి ఉన్న ప్రాణం అది. దానికేమైనా అయితే నువ్వు ఆ గడప తొక్కొద్దు. పిల్లి కూడా రేపోమాపో పోతుంది.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. వెంటనే జవాబు రాయి.

కోపంతో,
జగదీశ్వర్

తా.క. నువ్వు వచ్చి వెళ్లాక దుకాణంలో రెండు శేర్ల ఉప్పు కనిపించడం లేదు. అది కూడా నువ్వే తిన్నావా?

సికింద్రాబాద్, 7 మే

బావగారికి,

నమస్కారం పెట్టక తప్పదు కనుక పెడుతున్నాను. ఆ కుండను ఒళ్లో పెట్టుకొని వచ్చిన నా మోకాళ్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. కుల్ఫీలో బర్రెపాలు, చక్కెర తప్ప ఏమీ లేవు. పదకొండు మంది తిన్నారు, మీరైతే మూడుసార్లు తిన్నారు. ఎవరూ కక్కలేదు.

ఇక్కడి పశువుల డాక్టరును అడిగాను. పాలు పడని కుక్కలకూ పిల్లులకూ కడుపు చెడుతుందట. దొప్ప నాకినంత మాత్రాన ఇంత దాహం, తూలుడు ఉండవట. "ఇంకేం పెట్టిన్రో అడుగు" అన్నాడు. అడుగుతున్నాను, ఇంకేం పెట్టారు?

రామేశ్వర్

తా.క. పిల్లి పోయిందా, ఉందా?

సిద్దిపేట, 8 మే, పొద్దున

రామేశ్వర్‌కు,

నన్నే నిలదీస్తావా? పిల్లి ఇందాకే ఎలుకను పట్టి తెచ్చి నా గద్దె మీద పెట్టింది. దాని సంగతి వదిలెయ్.

మోతికి నేనేమీ పెట్టలేదు. అది అన్నమే ముట్టడం లేదు. నీ కుండలో బరఫు కరిగిన నీళ్లను మీ అక్క పారబోయబోతే ఆపాను. ఈ ఎండల్లో అంత చల్లని నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? పైగా మీగడ కూడా తేలుతోంది. ఇంట్లో ఎవరికీ చుక్క ఇవ్వకుండా దాచి, దాహమన్నప్పుడల్లా మోతికే గిన్నెలో పోస్తున్నాను. ప్రేమంటే అదీ, నీకు తెలియదు.

జగదీశ్వర్

తా.క. ఉప్పు సంగతి ఎగ్గొట్టావు.

సికింద్రాబాద్, 8 మే, సాయంత్రం

బావగారూ,

నమస్కారానికి టైం లేదు. ఆ నీళ్లు వెంటనే పారబోయండి. కుల్ఫీ కరగకుండా ఉండాలంటే బరఫులో ఉప్పు కలపాలి. మీ ఇంటికి రాగానే దుకాణంలోంచి రెండు శేర్లు తీసి కుండలో పోశాను. మోతి తాగుతున్నది అదే. మంచినీళ్లు కొద్దికొద్దిగా పట్టమని డాక్టరు చెప్పాడు.

రామేశ్వర్

తా.క. మీ ఉప్పు దొరికింది.

సిద్దిపేట, 12 మే

చిరంజీవి రామేశ్వర్‌కు,

బాకీ ఉన్న ఆశీర్వాదాలన్నీ కలిపి పంపుతున్నాను. మోతి బతికింది.

నీ ఉత్తరం చదివి గిన్నెను గోడకేసి కొట్టాను. మీ అక్క నా వంక చూసి, "దొంగ కోసం సికింద్రాబాద్ దాంక దేవులాడినవు, ఇంట్లనే ఉండె" అన్నది. మూడు రోజులు మా ఇల్లూడ్చే పోచవ్వ మోతి పక్కనే కూర్చొని మంచినీళ్లు పట్టింది. నిన్న అది లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

నీ మీద కోపం పోయింది. దాన్ని నా మీద వేసుకోవడమే చేతకావడం లేదు. నేను గిన్నె పట్టుకొని పోతే మోతి మొహం తిప్పుకుంటోంది. పోచవ్వ చూసి, "ముందుగాల నువ్వు తాగి సూపియ్యి సేటూ, గప్పుడు నమ్ముతది" అన్నది. తాగి చూపించాను. అప్పుడు తాగింది.

వచ్చే ఆదివారం రా. కుల్ఫీ తే. కుండలో నీళ్లు నేనే పారబోస్తాను.

మీ బావ,
జగదీశ్వర్

తా.క. దానికింకా నమ్మకం కుదరలేదు. రోజుకు ఆరుసార్లు కుక్క గిన్నెలో తాగుతున్నాను.