ఎన్ని మీటర్లు?

మామయ్యకు నమస్కారం,

మీరు చూపించిన పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు, నాకు డిస్లెక్సియా ఉంది కాబట్టి పరుగు పందేలు మానేసి చదువు మీదే దృష్టి పెట్టమన్నారు. అందుకే నిన్న అమ్మా నేనూ గోపన్‌పల్లి దగ్గరి చిన్న కాలేజీకి వెళ్లాం. అక్కడ మెకానికల్ మేడమ్ నా ఆట ఏదో బోర్డు మీద రాయమంటే, పరుగుకు బదులు ‘పెరుగు’ అని రాశాను.

“ఎన్ని మీటర్ల పెరుగు, బిడ్డా?” అన్నారు.

“నాలుగు వందలు, మేడమ్.”

మేడమూ నేనూ నవ్వాం. “పరీక్షల్ల ఎక్కువ టైమ్ ఇప్పిస్త, ఫికర్ చెయ్యకు. పొద్దుగాల గ్రౌండుకు మాత్రం లేటు రావద్దు” అన్నారు.

ఇంటికొచ్చి నిఘంటువు చూస్తే, పెరుగు అంటే ఎదుగు అని కూడా ఉంది.

మామయ్యా, నాకు ఆ కాలేజీయే కావాలి. శనివారంలోగా చేరాలి. నాన్న మీ మాటే వింటారు. ఇందులో తప్పులుంటే తర్వాత దిద్దుదురుగానీ, ముందు ఆయనకు ఫోన్ చేయండి.

మీ మేనకోడలు