శుక్రవారానికి తిరిగొస్తానన్న వాక్యం

అన్నయ్యా,

నువ్వు బారువలో పడవెక్కి నేటికి ఏడాది. ఆ పడవ ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. టెక్కలి బడిలో నీ క్లాసు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఈవేళ ఇంగ్లీషులో ‘గెట్’ పాఠం. ఆ ఒక్క మాటకే నీ నోటుబుక్కులో రెండు పేజీల అర్థాలున్నాయి. ‘గెట్ అప్’ అంటే లేవడం: మా తమ్ముడు ఎండెక్కాక లేస్తాడు. పిల్లలు నవ్వారు, నవ్వనీ. ‘గెట్ బ్యాక్’ అంటే తిరిగి రావడం: నేను శుక్రవారానికి తిరిగొస్తాను. అది నువ్వు బయల్దేరిన పొద్దున రాసింది.

ఉదాహరణ అబద్ధమైతే కొట్టెయ్యాలని నువ్వు పెట్టిన నియమం పిల్లలింకా మరిచిపోలేదు.

“ఇది కొట్టీమంటారేటి, మేస్టారూ?” అని ఒకడు అడిగాడు.

“ఉంచండిరా. ఏ శుక్రవారమో రాయలేదు కదా,” అన్నాను.